ఈఈఈలో చేరబోతున్నావా? ముందు సర్క్యూట్లు పట్టుకో

ప్రశ్న: నమస్తే సార్. మాది కోనసీమలో కొత్తపేట దగ్గర పల్లె. ఇంటర్ ఎంపీసీ అయ్యింది. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఈఈఈ సీటు వచ్చింది. క్లాసులకు ఇంకా నెలన్నర టైముంది. ఈలోపు ఏం చదవాలో తేల్చుకోలేకపోతున్నాను. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా పెదనాన్న గారబ్బాయి ‘బ్రాంచి ఏదైనా చివరికి సాఫ్ట్‌వేరే, ముందు పైథాన్ నేర్చుకో’ అంటున్నాడు. మా ఊరి లైన్‌మన్ గారేమో మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చదవమంటారు. యూట్యూబ్ తెరిస్తే ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు), సోలార్, ఈవీ. ఇలా నాలుగైదు కోర్సులు మొదలుపెట్టి అన్నీ మధ్యలో ఆపేశాను. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకో సంగతి. తోట చివరున్న మా బోరు మోటారు సాయంత్రం పూట మూలుగుతుంది గానీ తిరగదు. కండెన్సర్ మార్పించినా అంతే. ‘ఎలక్ట్రికల్ చదవబోతున్నావుగా, ఎందుకో చెప్పు’ అని నాన్న అడిగితే జవాబు చెప్పలేకపోయాను. అసలు దేంతో మొదలుపెట్టాలి? ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనాలా?

సమాధానం: అమ్మా, నా దగ్గర పాఠాలు చెప్పించుకునే పిల్లల వయసే నీది. అందుకే నువ్వు అనే రాస్తున్నాను.

ముందు సర్క్యూట్లు చదువు. ఈ నెలన్నరా వాటి మీదే పెట్టు. పైథాన్, మోటార్లు, ఆర్డుయినో అన్నీ మంచివే, అన్నిటికీ టైమొస్తుంది. కానీ సర్క్యూట్లు రాకుండా వాటిలో దేన్ని పట్టుకున్నా నాలుగో పాఠం దగ్గర ఆగిపోతావు. కోర్సులన్నీ మధ్యలో వదిలేశానని బాధపడుతున్నావు. నీకు పట్టుదల లేక కాదు, వాటికి కావాల్సిన పునాది నీకింకా ఎవరూ వేయలేదు, అంతే.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో మీ బోరు మోటారుతోనే చూపిస్తాను. మీ నాన్నగారికి ఇవ్వాల్సిన జవాబు కూడా అందులోనే ఉంది.

మోటారు ఒక హెచ్‌పీ, సింగిల్ ఫేజ్, ఇంటి సర్వీసు మీదే నడుస్తోంది అనుకుందాం. మీటరు దగ్గర నుంచి తోట చివరికి 100 మీటర్లు. వేసింది రెండున్నర ఎస్‌క్యూఎం (చదరపు మిల్లీమీటర్ల) రాగి కేబుల్. ఆ సైజు రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 7.4 ఓముల రెసిస్టెన్స్ ఉంటుంది. కరెంటు వెళ్ళే తీగ 100 మీటర్లు, తిరిగొచ్చే తీగ ఇంకో 100 మీటర్లు. తిరిగొచ్చే దాన్ని చాలామంది లెక్కలో వదిలేస్తారు, నువ్వు వదలకు. మొత్తం 200 మీటర్లకు కలిపి దాదాపు 1.5 ఓములు.

ఈ సైజు మోటారు మామూలుగా తిరిగేటప్పుడు సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. 7ని 1.5తో గుణిస్తే పదిన్నర వోల్టులు. ఇంటి దగ్గర 230 ఉంటే మోటారు దగ్గర 219 దాకా వస్తుంది. ఆ తేడాను మోటారు పట్టించుకోదు.

స్విచ్ వేసిన క్షణంలో కథ వేరు. ఆగి ఉన్న మోటారు బయల్దేరేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. 40 ఆంపియర్లు అనుకో. అంటే ఆ క్షణానికి మోటారు 230ని 40తో భాగిస్తే వచ్చే 5.75 ఓములలాగా కనిపిస్తుంది. దానికి సిరీస్‌లో మన కేబుల్ 1.5 ఓములు. మొత్తం 7.25. ఇంటి దగ్గరి 230 వోల్టులు ఈ రెండిటి మధ్యా ఓముల లెక్కన పంచుకోబడతాయి. మోటారు వాటాకు వచ్చేవి 182 వోల్టులు.

ఇక సాయంత్రం సంగతి. వీధిలో అందరి ఫ్యాన్లు, ఏసీలు, మోటార్లు ఒకేసారి నడిచే వేళకు మీ ఇంటి దగ్గరే 200 వోల్టులు ఉన్నాయనుకో. అప్పుడు మోటారుకు అందేది 159. మోటారు బయల్దేరే బలాన్ని టార్క్ అంటారు. అది వోల్టేజికి కాదు, వోల్టేజి వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 159ని 230తో భాగించి వర్గం చేసి చూడు. 48 శాతం. ఉండాల్సిన బలంలో సగం కూడా లేదు. మోటారు మూలిగి ఆగిపోవడానికి అది చాలు. మధ్యాహ్నం తిరిగిన మోటారే సాయంత్రం తిరగదు, కండెన్సర్ కొత్తదైనా సరే.

ఆరు ఎస్‌క్యూఎం కేబుల్ వేస్తే 1.5 ఓములు కాస్తా 0.6 అవుతాయి. అదే సాయంత్రం, అదే 200 వోల్టులకు మోటారు దగ్గర 181 దాకా ఉంటుంది. ఒకవేళ మీది రాగి కాకుండా అల్యూమినియం తీగ అయితే అదే సైజుకు రెసిస్టెన్స్ రాగికి 1.6 రెట్లు, కాబట్టి పరిస్థితి ఇంకా అధ్వానం.

మీ నాన్నగారితో ఇలా చెప్పు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, సాయంత్రం మోటారు స్టార్ట్ చేసే క్షణంలో ఇంటి దగ్గర ఎంత ఉంది, మోటారు టెర్మినల్స్ దగ్గర ఎంత ఉంది, రెండూ కొలవమనండి. కొలత మన లెక్కకు దగ్గరగా వస్తే కారణం కేబులే. లెక్క కంటే బాగా తక్కువ వస్తే మధ్యలో ఎక్కడో జాయింటు వదులై కాలుతోందని అర్థం. మోటారు దగ్గర వోల్టేజి బాగానే ఉండి కూడా తిరగకపోతే అప్పుడు పంపు పట్టేసిందేమో, బేరింగు పోయిందేమో చూడాలి. మీటరు దగ్గరే సాయంత్రాలు 200 కంటే పడిపోతోందంటే అది మీ కేబుల్‌తో తీరే సమస్య కాదు, ఈపీడీసీఎల్ వాళ్ళకు ఫిర్యాదు చేయాలి. ఒకటి మాత్రం ఈరోజు నుంచే పాటించండి. మూలుగుతున్న మోటారును అలా వదిలేయకుండా వెంటనే స్విచ్ ఆపండి. తిరగకుండా ఆ కరెంటు లాగుతూ ఉంటే వైండింగ్ కాలిపోతుంది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూడు. ఇందులో నేను వాడిందెంత? జార్జ్ ఓమ్ 1827లో చెప్పిన సూత్రం, సిరీస్‌లో ఉన్న రెండు రెసిస్టెన్సులు, ఒక భాగహారం. అవి నీకు ఇంటర్ ఫిజిక్స్‌లోనే వచ్చు. పరీక్షలో పదికి పది కూడా వేయించుకుని ఉంటావు. రానిదల్లా తోట చివరున్న మోటారును చూసి కాగితం మీద రెండు గీతలు, రెండు డబ్బాలుగా గీయడం. ఆ గీయడం, గీశాక కొలవకముందే అంకె చెప్పగలగడం, అదే సర్క్యూట్ల చదువు. ఎలక్ట్రికల్ ఇంజనీరుకు ఇది వచ్చి తీరాలి.

లైన్‌మన్ గారి మాట తీసిపారేయను. ఆయన రోజూ చూసేవి మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లే, వాటి విలువ ఆయనకు తెలుసు. కానీ మెషీన్స్ పుస్తకం తెరిచి చూడు. ట్రాన్స్‌ఫార్మర్ పాఠం ఒకట్రెండు పేజీలు దాటగానే ‘ఈక్వివలెంట్ సర్క్యూట్’ అంటూ, అంటే ఆ యంత్రానికి బదులుగా గీసిన సర్క్యూట్ బొమ్మ వస్తుంది. ఇండక్షన్ మోటారు పాఠమూ అంతే. పవర్ సిస్టమ్స్‌లో పొడవాటి లైన్లను కూడా రెసిస్టెన్స్, ఇండక్టెన్స్, కెపాసిటెన్సులుగా మార్చే లెక్కకడతారు. ఎలక్ట్రానిక్స్‌లో ట్రాన్సిస్టర్ ఏం చేస్తుందో చెప్పడానికీ అదే దారి. ఏ సబ్జెక్టుకు వెళ్ళినా వాళ్ళు నీకు సర్క్యూట్లు వచ్చనుకునే మొదలుపెడతారు, ఆగి నేర్పరు. మా పిల్లల్లో మెషీన్స్ అంటే భయపడేవాళ్ళను కూర్చోబెట్టి అడిగితే, నూటికి తొంభై మందికి అసలు భయం మెషీన్లంటే కాదు, మొదటి ఏడాది వదిలేసిన సర్క్యూట్లే.

సరే, ఎలా చదవాలి?

మొదటి వారం వోల్టేజి అంటే ఏమిటో స్థిరపరుచుకో. ఇది తేలికని దాటేయకు. చాలామంది ‘ఈ పాయింట్ దగ్గర వోల్టేజి’ అనేస్తారు. వోల్టేజి ఎప్పుడూ రెండు పాయింట్ల మధ్యే ఉంటుంది. మన డెల్టా పిల్లలకు దీన్ని కాలువతో చెబుతాను. కాలువ మొదలయ్యే బొబ్బర్లంక దగ్గర నీటి మట్టం ఎత్తులో ఉంది, మీ పొలం దగ్గర పల్లంలో ఉంది, ఆ తేడా వల్లే కాలువ పారుతోంది. ఒక్క బొబ్బర్లంక మట్టమే తెలిస్తే పారుదల చెప్పలేవు, రెండో చివర కూడా తెలియాలి. వోల్టేజి ఆ మట్టాల తేడా, కరెంటు ఆ పారుదల. కాలువ రెండుగా చీలిన చోట వచ్చిన నీళ్ళెన్నో, పోయే రెండు పాయల్లో కలిపి అన్నే. కరెంటుకూ అదే రూలు. 1845లో కిర్కాఫ్ దాన్ని సూత్రంగా రాసేనాటికి ఇంకా విద్యార్థే, వయసు 21. అయితే ఈ పోలికను ఎక్కడ వదిలేయాలో కూడా తెలుసుకో. కాలువకు గండి పడితే నీళ్ళు పొలాల మీద పడి పోతాయి. వైరు తెగితే కరెంటు బయటికి కారిపోదు, ఆ దారిలో పారడమే ఆగిపోతుంది. పైగా కాలువ నీరు సముద్రంలో కలిస్తే దాని పని అయిపోయినట్టే. కరెంటు మాత్రం బయల్దేరిన చోటికి తిరిగి రావాల్సిందే. మోటారు లెక్కలో తిరిగొచ్చే 100 మీటర్లను అందుకే కలిపాం.

పవర్‌కీ ఎనర్జీకీ తేడా కూడా ఆ వారంలోనే తేల్చేసుకో. మోతుగూడెం దగ్గరి లోయర్ సీలేరు జలవిద్యుత్ కేంద్రంలో మొదట కట్టిన నాలుగు యూనిట్ల సామర్థ్యం, ఒక్కోటి 115 చొప్పున, 460 మెగావాట్లు. అది పవర్. ఆ లెక్కన పూర్తిగా ఒక గంట నడిస్తే వచ్చేది 4,60,000 యూనిట్లు. అది ఎనర్జీ, మీ ఇంటి బిల్లులో కనిపించే యూనిట్లే అవి. అక్కడ టర్బైన్లు తిప్పిన నీరు శబరిలో కలిసి, గోదావరిలో కలిసి, ధవళేశ్వరం చేరి మన దాళ్వా చేలకు పారుతుంది. కరెంటు తీగల మీద ఒక దారిన, నీళ్ళు నది మీదుగా ఇంకో దారిన, రెండూ మన దాకా వస్తాయి. ఎలక్ట్రికల్ చదివే పిల్లలు కనీసం ఈ సంగతి తెలుసుకోవాలని నాకు ఆశ.

తర్వాత సిరీస్, ప్యారలల్. ఆ తర్వాత నోడల్ ఎనాలిసిస్. ఇక్కడ నెమ్మదించు. సర్క్యూట్‌లో ఒక్కో జంక్షన్‌కు తెలియని వోల్టేజి పెట్టి, కిర్కాఫ్ రూలుతో సమీకరణాలు రాసి, ఇంటర్‌లో నేర్చుకున్న మ్యాట్రిసెస్‌తో సాధించడమే ఇది. క్రామర్ పద్ధతి ఎందుకు నేర్పారో అప్పుడు తెలుస్తుంది. మెష్ పద్ధతి కూడా సిలబస్‌లో ఉంటుంది, దాన్ని క్లాసులో చూసుకోవచ్చు. రెండు పద్ధతులూ సగం సగం వచ్చేకన్నా నోడల్ ఒక్కటి చేయి తిరిగేలా రావడం మేలు. కంప్యూటర్ సిమ్యులేటర్లు కూడా లోపల ప్రధానంగా ఈ పద్ధతినే వాడతాయి.

నోడల్ తర్వాత థెవెనిన్. 1883లో ఫ్రాన్స్ టెలిగ్రాఫ్ శాఖలో ఇంజనీరుగా ఉన్న థెవెనిన్ చెప్పిన మాట ఇది: రెసిస్టెన్సులతో, బ్యాటరీలతో ఎంత చిక్కుముడి సర్క్యూట్ ఉన్నా, రెండు కొనల దగ్గర నిలబడి చూస్తే అది ఒక బ్యాటరీ, దానికి సిరీస్‌లో ఒక రెసిస్టెన్స్. దీన్ని చేత్తో చూడాలంటే నీరసించిన టార్చి సెల్లు ఒకటి తీసుకో. ఏమీ కలపకుండా కొలిస్తే 1.5 వోల్టులు చూపిస్తుంది. పది ఓముల రెసిస్టర్ కలిపి కొలువు. 1.3కు పడిపోయిందనుకో. కరెంటు 0.13 ఆంపియర్లు, సెల్లు లోపలే పోయింది 0.2 వోల్టులు. అంటే సెల్లు లోపల ఒకటిన్నర ఓములు దాక్కుని ఉన్నాయి. మీ బోరు కేబుల్ ఎంతో, ఇదీ అంతే. కాలం చెల్లిన సెల్లు ‘1.5 ఉంది కదా’ అని మీటరులో మోసం చేసి టార్చిలో వెలగకపోవడానికి కారణం కూడా ఇదే.

ఈ నెలన్నరలో థెవెనిన్ దాకా వస్తే నువ్వు చేయాల్సినదాని కంటే ఎక్కువే చేసినట్టు. నోడల్ దగ్గరే ఆగినా ఏం పర్వాలేదు.

ఇందుకు కావలసిన సరంజామా పెద్దదేం కాదు. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, టంకం లేకుండా గుచ్చి సర్క్యూట్ కట్టుకునే బ్రెడ్‌బోర్డు ఒకటి, రెండు మూడు విలువల రెసిస్టర్లు గుప్పెడు, ఒక 9 వోల్టుల బ్యాటరీ. కాకినాడ, రాజమండ్రిలో ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపుల్లో అన్నీ దొరుకుతాయి. రెండు వెయ్యి ఓముల రెసిస్టర్లు సిరీస్‌లో పెట్టి బ్యాటరీ కలుపు. మధ్య పాయింట్ దగ్గర ఎంత రావాలో ముందు పుస్తకంలో రాయి. నాలుగున్నర. తర్వాత కొలువు. కింది రెసిస్టర్‌కు ప్యారలల్‌గా ఇంకో వెయ్యి ఓములు కలిపితే ఎంతవుతుంది? కొలవకముందే రాయి. 3 వోల్టులు రావాలి. మీటరు 2.9 చూపిస్తే కంగారు పడకు. బ్యాటరీ నిజంగా 9 ఉందా, బంగారు రంగు గీత ఉన్న రెసిస్టర్ ఐదు శాతం అటూ ఇటూ ఉండొచ్చన్న సంగతి లెక్కలోకి తీసుకున్నావా, ఈ రెండూ చూడు. 2 వోల్టులు చూపిస్తే మాత్రం కనెక్షన్ ఎక్కడో తప్పింది, వెతుకు. ఆ వెతుకులాటలో నేర్చుకునేది ఏ వీడియోలోనూ దొరకదు. మల్టీమీటర్‌ను ఆంపియర్లలో పెట్టి బ్యాటరీ రెండు కొనల మీద పెట్టొద్దు, లోపలి ఫ్యూజు పోతుంది.

ఇక్కడొక మాట చాలా గట్టిగా చెప్పాలి. ఈ నెలన్నరే కాదు, ల్యాబ్‌లో నేర్పేదాకా ఇంటి కరెంటు మీద ప్రయోగాలు చేయొద్దు. ప్లగ్గులో మీటరు పెట్టొద్దు, స్టార్టర్ డబ్బా విప్పొద్దు. పదుల మిల్లీ ఆంపియర్లు గుండె మీదుగా పోతే ప్రాణం పోతుంది. అందుకే మనుషుల రక్షణకు పెట్టే ఆర్‌సీసీబీని 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే కట్ అయ్యేలా చేస్తారు. మీ ఇంట్లో అది లేకపోతే, ల్యాప్‌టాప్ కంటే ముందు అది పెట్టించమని నాన్నగారిని అడుగు. మన నేల ఏడాదిలో ఎక్కువ రోజులు తడిగానే ఉంటుంది. టేపు చుట్టిన జాయింటు బోదె గట్టున తడిలో పడి ఉండటం, దాన్ని చెప్పుల్లేని కాళ్ళతో దాటడం మనకు మామూలైపోయింది. చేల గట్ల మీద, రొయ్యల చెరువుల దగ్గర షాక్ కొట్టి మనుషులు పోయిన కబురు మన వైపు కొత్తది కాదు. ఎలక్ట్రికల్ చదివే బిడ్డ ఉన్న ఇంట్లోనైనా అలాంటి జాయింటు ఉండకూడదు.

లెక్కల సంగతి. ఇంటర్‌లో కాంప్లెక్స్ నంబర్లు, డిమోయివర్ సిద్ధాంతం చేశావు. కోచింగ్‌లో షార్ట్‌కట్‌లతో గట్టెక్కి ఉంటావు కూడా. అవి దేనికో ఎవరూ చెప్పి ఉండరు. మోటారు లెక్కలో నేను 5.75కు 1.5 నేరుగా కలిపేశాను. అది ఉజ్జాయింపు మాత్రమే. కేబుల్ ఉత్త రెసిస్టెన్స్, మోటారులో మాత్రం ఇండక్టెన్స్ కూడా ఉంది. మన సరఫరా సెకనుకు 50 సైకిళ్ళు, ఒక్కో సైకిల్‌కు 20 మిల్లీ సెకన్లు. మోటారు బయల్దేరేటప్పుడు కరెంటు, వోల్టేజి కంటే 50 డిగ్రీలు వెనకబడిందనుకో, అంటే 2.8 మిల్లీ సెకన్లు ఆలస్యంగా పతాక స్థాయికి వస్తుంది. అలా వెనకా ముందూ నడిచే వాటిని మామూలు అంకెల్లా కూడకూడదు. 5.75 ఓములను 50 డిగ్రీల కోణంతో విడదీస్తే 3.7 రెసిస్టెన్స్, 4.4 రియాక్టెన్స్ (ఇండక్టెన్స్ వల్ల వచ్చే అడ్డు). కేబుల్ 1.5 కలపాల్సింది 3.7కే. మొత్తం 5.2, 4.4. వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 7.25 బదులు 6.81 వస్తుంది. సాయంత్రం మోటారుకు అందేది 159 కాదు, 169 వోల్టులు. టార్క్ 48 శాతం కాదు, 54 శాతం. పది వోల్టుల తేడా ఒక్క కోణం వల్లే. మోటారు తిరగకపోవడానికి కారణం మారలేదు గానీ, రేపు కేబుల్ సైజు ఎంచాల్సి వస్తే ఆ పది వోల్టులకు డబ్బు విలువ ఉంటుంది.

ఏసీ సర్క్యూట్లను కాంప్లెక్స్ నంబర్లతో సాధించే ఈ దారిని 1893లో షికాగోలో జరిగిన సభలో స్టైన్‌మెట్స్ వివరించాడు. అంతకుముందు ఇదే పనిని డిఫరెన్షియల్ సమీకరణాలతో పేజీలకు పేజీలు చేసేవారు. కాబట్టి ఆ చాప్టర్ దుమ్ము దులుపు. మన పుస్తకాల్లో ఐ బదులు జె అని రాస్తారు, ఐ కరెంటుకు పోయింది కాబట్టి. త్రికోణమితిలో సైన్, కొసైన్ గ్రాఫులు చూడకుండా గీయగలగాలి. డిఫరెన్షియల్ సమీకరణాల్లో ప్రస్తుతానికి ఫస్ట్ ఆర్డర్‌వి చాలు. మిగతా గణితం అవసరం పడినప్పుడు చదువుకోవచ్చు. ‘ముందు లెక్కలన్నీ పూర్తి చేసి అప్పుడు ఎలక్ట్రికల్ మొదలుపెడతా’ అనే ఆలోచన పెట్టుకోకు. అలా మొదలుపెట్టినవాళ్ళు ఎలక్ట్రికల్ దాకా రారు.

త్రీఫేజ్ దాకా వచ్చేసరికి రెండో ఏడాది అవుతుంది. అది ఎందుకు చదవాలో మన దగ్గర ఒకరు చెప్పక్కర్లేదు, కాట్రేనికోన వైపు వెళ్ళి రొయ్యల చెరువులు చూస్తే చాలు. రాత్రిళ్ళు నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ తెల్లవారుజాముకు బాగా పడిపోతుంది, అప్పుడు నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే పంట పోయినట్టే. రెండు హెచ్‌పీ ఏరియేటర్ మోటారు 415 వోల్టుల మీద సుమారు 3.2 ఆంపియర్లు తీసుకుంటుంది. నడుస్తుండగా ఒక ఫేజు పోతే అది ఆగదు. మిగిలిన రెండు ఫేజుల మీదే తిరుగుతూ ఒక్కో దానిలో సుమారు 1.7 రెట్లు, అంటే ఐదున్నర ఆంపియర్లు లాగి, స్టార్టర్‌లో సరైన రక్షణ లేకపోతే కాలిపోతుంది. ఒకే రాత్రి ఒకే గట్టు మీద అరడజను మోటార్లు వైండింగ్ షాపుకు వెళ్ళడానికి కారణం ఇది. ఆ 1.7 ఎక్కడి నుంచి వచ్చిందో నువ్వే కాగితం మీద రాబట్టగలిగే రోజు వస్తుంది. అది వర్గమూలం మూడు. అప్పటిదాకా దాన్ని పక్కన పెట్టు.

మీ అన్నయ్య చెప్పిన పైథాన్ గురించి. నేర్చుకో, తప్పకుండా నేర్చుకో, కానీ రెండో సెమిస్టర్‌లో. నోడల్ సమీకరణాలు చేత్తో మూడింటి దాకా చేశాక, పదిహేను సమీకరణాలు వస్తే కంప్యూటర్‌తో చేయించాలనిపిస్తుంది. ఆ అవసరంతో నేర్చుకున్న పైథాన్ నిలుస్తుంది. ఆర్డుయినో కూడా అంతే. ఓమ్ సూత్రం తెలియకుండా ఆర్డుయినో పట్టుకుంటే ఎల్ఈడీకి ముందు రెసిస్టర్ ఎందుకు పెట్టమన్నారో తెలియక, ఎవరో చెప్పిన 220 ఓములే జీవితాంతం పెడుతూ ఉంటారు. ఇక ‘చివరికి సాఫ్ట్‌వేరే’ అన్న మాటను ఇప్పుడే మనసులోకి ఎక్కించుకోవద్దు. నాలుగేళ్ళ తర్వాత ఏ ఉద్యోగం ఎంచుకుంటావన్నది అప్పటి సంగతి. చేరకముందే సగం మనసుతో చేరితే ఏదీ రాదు.

పాఠాలకు ఒక్క దారి ఎంచుకో. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల సర్క్యూట్స్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఒక కోర్సు పట్టుకుని దాంతోనే ఉండు, నాలుగు పోల్చి చూడకు. వీడియో అరగంట చూస్తే లెక్కలు గంట చేయాలి, పెన్ను పట్టకుండా చూసిన పాఠం సినిమా చూసినట్టే. ఇంగ్లీషు వేగం అందకపోతే, ఏఐసీటీఈ వాళ్ళ ఈ-కుంభ్ పోర్టల్‌లో ఇంజనీరింగ్ పుస్తకాలు తెలుగులో కూడా ఉన్నాయి, చూడు. లెక్క చేసేటప్పుడు మనసులో తెలుగులోనే ఆలోచించు. జవాబు ఇంగ్లీషులో రాయడం మూడు నెలల్లో అదే అలవాటవుతుంది.

ల్యాప్‌టాప్ ఇప్పుడే వద్దు. ఈ నెలన్నరకు కాగితం, పెన్ను, మల్టీమీటర్, నీ ఫోను చాలు. సర్క్యూట్ గీసి నడిపి చూసే సిమ్యులేటర్లు ఫోన్ బ్రౌజర్‌లోనే ఉచితంగా తెరుచుకుంటాయి, చేత్తో లెక్క చేశాక సరిచూసుకోవడానికి వాడు. కాలేజీలో చేరాక మీ డిపార్ట్‌మెంట్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో సీనియర్లను అడిగి, దానికి సరిపడే మెషీన్ మొదటి సెమిస్టర్ అయ్యాక కొనుక్కుంటే సరిపోతుంది. ఎల్‌టీ స్పైస్ లాంటి ఉచిత సిమ్యులేటర్ ప్రోగ్రాములు మామూలు ల్యాప్‌టాప్‌లోనే హాయిగా నడుస్తాయి, గేమింగ్ ల్యాప్‌టాప్ పేరుతో నాన్నగారి మీద భారం వేయకు. మిగిలిన డబ్బులుంటే ముందు ఆర్‌సీసీబీ, తర్వాత ఆ ఆరు ఎస్‌క్యూఎం కేబుల్.